అందలం మోసేదెవరు?

పదో తరగతి మార్కుల జాబితాను ఎక్కువ నుంచి తక్కువకు పేర్చే చిన్న ప్రోగ్రాం రాశారనుకోండి. ఇరవై లైన్లకు మించదు. రేపు అదే పని విద్యార్థుల పేర్లకు కావాలి, అక్షరక్రమంలో. ఎల్లుండి పుట్టిన తేదీలకు కావాలి. పేర్చే పద్ధతి మాత్రం ఎక్కడా మారదు: రెండిటిని పోల్చు, ఏది ముందో తేల్చు, అవసరమైతే చోటు మార్చు. మారేదల్లా లోపలున్న సరుకు. అయినా చాలా భాషల్లో ఆ ఇరవై లైన్లనూ మూడుసార్లు రాయాల్సి వచ్చేది. అంకె, పేరు, తేదీ, ప్రోగ్రాంను సరిచూసి యంత్రభాషలోకి మార్చే కంపైలర్ దృష్టిలో మూడు వేర్వేరు టైపులు, అంటే రకాలు. ఒకదానికి రాసింది మరొకదానికి వాడబోతే అది ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే దాని ఉద్యోగం. అది ఊరుకుంటే పుట్టిన తేదీని ఇంటిపేరుతో గుణించే ప్రోగ్రాములు బ్యాంకుల్లో నడుస్తుంటాయి.

“టైపు ఏదైనా ఫరవాలేదు, ఒకదానితో ఒకటి పోల్చడానికి వీలైతే చాలు” అని ఒక్కసారి రాసి ఊరుకోగలిగే సౌకర్యాన్ని జెనెరిక్స్ అంటారు. ఇది కొత్త ఊహేమీ కాదు. ఎడిన్‌బరోలో రాబిన్ మిల్నర్ బృందం 1970లలోనే ఎంఎల్ అనే భాషలో దీన్ని ఎంతో పొందికగా చేసి చూపించింది. అదే దశాబ్దంలో ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం సీఎల్‌యూ భాషలో మరో దారిన చేసింది. తరవాతి కాలంలో ఇద్దరికీ ట్యూరింగ్ అవార్డు దక్కింది, మిల్నర్‌కు 1991లో, లిస్కోవ్‌కు 2008లో.

జవాబు అలా అందుబాటులో ఉండగానే జావా 1996లో జెనెరిక్స్ లేకుండా విడుదలైంది. వాటిని చేర్చుకునేసరికి 2004 వచ్చింది. గో భాష 2009లో లోకానికి పరిచయమైంది, దానికి జెనెరిక్స్ 2022లో వచ్చాయి. సీ ప్లస్ ప్లస్‌లో ఇదే పని చేసే టెంప్లేట్లను బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1988లోనే ప్రతిపాదించారు. కానీ “పోల్చడానికి వీలైతే చాలు” అనే షరతును టెంప్లేటు మీద సూటిగా రాసుకునే వీలు ఆ భాష ప్రమాణంలోకి ఎక్కింది 2020లో. ఈ భాషల్ని కట్టినవాళ్లు ఎంఎల్ గురించి విననివాళ్లు కారు. కొందరు ఆ రంగంలో పండిపోయినవాళ్లు. అయినా ఇంత ఆలస్యం ఎందుకైంది?

ఏ ఫీచరైనా కాగితం మీద ఒంటరిగా చూస్తే ముచ్చటగానే ఉంటుంది. చిక్కంతా ఇరుగుపొరుగుతో వస్తుంది. భాషలో ఇప్పటికే ఇరవై ఫీచర్లు ఉంటే ఇరవై ఒకటోది ఆ ఇరవైతోనూ విడివిడిగా పొసగాలి. ఉన్న ఇరవైలోనే రెండేసి చొప్పున 190 జతలు, మూడేసి చొప్పున 1,140 గుంపులు ఏర్పడతాయి. వాటన్నిటినీ ఏ మనిషీ కూర్చుని పరీక్షించలేడు. కొత్త ఫీచర్ ఎంత బలమైనదైతే అది తాకే పొరుగువాళ్లు అంత ఎక్కువ. జెనెరిక్స్ అయితే దాదాపు అందరినీ తాకుతాయి: వారసత్వాన్ని, అర్రేలను, ఒకే పేరుతో రాసే రెండు మెథడ్‌లను, మెమరీలో విలువలు కూర్చునే తీరును, చివరికి వాక్యంలో ఏ గుర్తు ఎక్కడ పడాలన్నదాన్ని కూడా.

అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరని మన సామెత. గో విడుదలైన కొద్ది వారాలకే, 2009 డిసెంబరులో, ఆ భాష మీద పనిచేస్తున్న రస్ కాక్స్ ఒక చిన్న వ్యాసంలో అడిగింది సరిగ్గా ఈ ప్రశ్నే. జెనెరిక్స్ విషయంలో మూడు దారులున్నాయని ఆయన లెక్కతేల్చారు. సీ భాషలా అసలు ఇవ్వకుండా ఊరుకోవడం ఒకటి. అప్పుడు బరువు ప్రోగ్రామర్ మీద పడుతుంది, ఇరవై లైన్లు మూడుసార్లు రాసుకుంటాడు. సీ ప్లస్ ప్లస్‌లా వాడిన ప్రతి టైపుకూ కంపైలరే ఒక విడి ప్రతి తయారుచేయడం రెండోది. అప్పుడు కంపైల్ కావడం నెమ్మదిస్తుంది, ప్రోగ్రాం ఫైలు ఉబ్బుతుంది. మూడోది జావా దారి: ఏ విలువనైనా ఒకే తరహా పొట్లంలో చుట్టేసి ఒకే ప్రతితో నడిపించడం. అప్పుడు ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ యంత్రం పొట్లాలు కడుతూ విప్పుతూ ఉంటుంది. మోసేది మనిషా, కంపైలరా, యంత్రమా?

అందలానికి నలుగురు బోయీలు కావాలి. కాక్స్ లెక్కలోకి రాని నాలుగో బోయీ ఒకడున్నాడు: ఆ భాషను నేర్చుకునేవాడు, పక్కవాడు రాసిన కోడ్‌ను అర్ధరాత్రి చదివి సరిచేయాల్సినవాడు. మిగతా ముగ్గురి బరువును గడియారంతో కొలవొచ్చు. వీడి బరువును కొలిచే సాధనం లేదు గనక డిజైనర్లు ఎప్పుడు ఇరుకునపడినా వీడి భుజం మీదికే నెట్టేస్తుంటారు. ఈ అధ్యాయంలో నా వాదన అదే. క్లిష్టత ఎక్కడికీ పోదు, చేతులు మారుతుంది. ఏ భాష కథ చదివినా అది చివరికి ఎవరి భుజం మీద ఆగిందో చూడాలి.

సీ ప్లస్ ప్లస్ కంపైలర్ భుజాన్ని ఎంచుకుందని పేరే గానీ, దెబ్బ తగిలింది నాలుగో బోయీకి. టెంప్లేటు తనకు ఎలాంటి టైపు కావాలో ముందుగా చెప్పదు. మీరు పోల్చడానికి వీల్లేని టైపు ఇచ్చినా లోపలికి రానిస్తుంది. లైబ్రరీ అడుగున ఎక్కడో పోలిక జరగాల్సిన చోట కంపైలర్ తట్టుకుని పడుతుంది. మీరు ఎన్నడూ చూడని ఫైళ్ల పేర్లతో పేజీలకు పేజీలు ఎర్రర్లు కురుస్తాయి. టెంప్లేట్లు అసలు ఎంత దూరం వెళ్లగలవో వాటిని కట్టినవాళ్లకే మొదట తెలియదు. 1994లో ఎర్విన్ ఉన్రూ అనే ఆయన ప్రమాణాల కమిటీ సమావేశానికి ఒక ప్రోగ్రాం తెచ్చి చూపించారు. అది కంపైల్ కాదు. కానీ కంపైలర్ ఇచ్చే ఎర్రర్ మెసేజ్‌ల్లో ప్రధాన సంఖ్యలు వరసగా వస్తాయి: 2, 3, 5, 7... అంటే కంపైలర్ చేత లెక్కలు చేయించారన్నమాట. ఒకే పని రకరకాల టైపులకు చేయడానికని పెట్టిన సౌకర్యం లోపల ఎవరూ ఉద్దేశించని ఇంకో ప్రోగ్రామింగ్ భాష పుట్టి కూర్చుంది.

షరతులు రాసుకునే వీలు కోసం ‘కాన్సెప్ట్స్’ అనే ఫీచర్‌ను ఏళ్ల తరబడి తీర్చిదిద్ది, ప్రమాణం ముసాయిదాలోకి కూడా ఎక్కించారు. 2009 జులైలో ఫ్రాంక్‌ఫర్ట్ సమావేశంలో ఓటు వేసి మొత్తం పీకేశారు. అంత శ్రమపడ్డవాళ్లకు అది ఎంత చేదో ఊహించుకోవచ్చు. కానీ నాకైతే ఆ కమిటీ తీసుకున్న ధైర్యమైన నిర్ణయాల్లో అదొకటి అనిపిస్తుంది. 2020లో తిరిగొచ్చిన కాన్సెప్ట్స్ మొదటివాటికంటే బాగా చిన్నవి. టెంప్లేటును వాడేవాడు షరతు పాటించాడా లేదా అన్నంత వరకే చూస్తాయి. టెంప్లేటు తన కడుపులో షరతును దాటిపోయిందా అనే రెండో సగాన్ని వదిలేశాయి. మొదటి రూపం మోయాల్సి వచ్చిన బరువుల్లో ఆ సగమూ ఒకటి.

కంపైలర్ మీద బరువు వేయడం ఎప్పుడూ ఇలాగే బెడిసికొడుతుందని కాదు. రస్ట్ భాషలో ఒక విలువను ఎవరైనా మారుస్తున్నంతసేపూ ఇంకెవరూ దాన్ని చూడకూడదనే కట్టుబాటు ఉంది. మెమరీ తప్పులు జరక్కుండా ఆపేది అదే. మొదట్లో కంపైలర్ దీన్ని మొరటుగా అమలు చేసేది. మీరు ఒక విలువను చూపించే రిఫరెన్స్‌ను మూడో లైన్లో ఆఖరిసారి వాడి వదిలేసినా, బ్రాకెట్ మూసుకునే పదో లైను దాకా అది బతికే ఉందని పట్టుబట్టేది. జనం కంపైలర్‌ను శాంతింపజేయడానికి అవసరం లేని బ్రాకెట్లు పెట్టుకునేవారు. 2018 డిసెంబరులో వచ్చిన 1.31 వెర్షన్‌తో కంపైలర్ ఆఖరి వాడకం ఎక్కడో తానే వెతికి పట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ మార్పు నిలబడింది కంపైలర్ లోపల ప్రోగ్రాంకు కట్టిన ఒక కొత్త మధ్యరూపం మీద. కంపైలర్ రాసేవాళ్లు కొద్దిమంది, వాడేవాళ్లు లక్షలమంది. ఆ బేరం ఎవరికి గిట్టుబాటో చెప్పనక్కర్లేదు.

ఇక జావా. భాషల రూపకల్పనలో క్లిష్టత ఎలా పేరుకుంటుందో చూపించడానికి దీన్ని మించిన కథ నాకు దొరకలేదు.

జావా మొదటి వెర్షన్లో జెనెరిక్స్ లేవు గానీ, ఒకే మెథడ్ రాసి ఏ అర్రేకైనా వాడుకోవాలన్న కోరిక ఉంది. దానికో అడ్డదారి తొక్కారు: స్ట్రింగుల అర్రేను “ఏవో ఆబ్జెక్టుల అర్రే”గా చెలామణీ చేయొచ్చు. స్ట్రింగ్ కూడా ఆబ్జెక్టే కదా, వినడానికి న్యాయంగానే ఉంది. ఏం జరుగుతుందో చూడండి. మూడు పేర్లున్న అర్రే ఒకటి: సీత, రాధ, లలిత. దాన్ని ఒక మెథడ్‌కు ఆబ్జెక్టుల అర్రేగా అందించాం. ఆ మెథడ్ రెండో గడిలో 42ను పెట్టబోయింది. దానికి తెలిసినంతలో తప్పేమీ లేదు, పొట్లం కట్టిన అంకె కూడా ఆబ్జెక్టే. కంపైలర్ కూడా సరేనంది. బయటున్నవాళ్లు మాత్రం ఆ గడిలో రాధ ఉందనుకుంటున్నారు. ఈ ప్రమాదం తప్పించడానికి జావా, ప్రోగ్రాం నడుస్తుండగా, ఇలాంటి అర్రేలో ఏదైనా పెట్టబోయినప్పుడు “నువ్వు అసలు ఏ టైపు అర్రేవి?” అని ఆరా తీస్తుంది. పొసగకపోతే అర్రేస్టోర్‌ఎక్సెప్షన్ అంటూ ప్రోగ్రాంను ఆపేస్తుంది. జెనెరిక్స్ లేని లోటును ఆ రోజుకు యంత్రం భుజాన వేశారు.

గిలాడ్ బ్రాచా, మార్టిన్ ఒడెర్‌స్కీ, డేవిడ్ స్టౌటమైర్, ఫిలిప్ వాడ్లర్ కలిసి 1998లో జీజే అనే నమూనా భాషను ప్రచురించారు. జావా జెనెరిక్స్‌కు పునాది అదే. వాళ్ల ముందున్న అసలు సమస్య టైపుల సిద్ధాంతం కాదు, పాత కోడ్. అప్పటికే కంపెనీల్లో నడుస్తున్న జావా ప్రోగ్రాములు, వాటిని అమ్మినవాళ్లు సోర్స్ కూడా ఇవ్వని లైబ్రరీలు కోకొల్లలు. కొత్త లైబ్రరీతో పాత ప్రోగ్రాం, పాత లైబ్రరీతో కొత్త ప్రోగ్రాం, ఏ కలయికైనా ఆగకుండా నడవాలి. దానికి వాళ్లు ఎంచుకున్న ఉపాయం పేరు ఎరేజర్, అంటే చెరిపివేత. కంపైలర్ టైపులన్నీ సరిచూశాక, స్ట్రింగుల లిస్ట్, అంకెల లిస్ట్ అనే తేడాను చెరిపేసి రెండిటినీ ఉత్త లిస్ట్‌గా మార్చి యంత్రానికి ఇస్తుంది. యంత్రానికి జెనెరిక్స్ అనేవి వచ్చాయన్న సంగతే తెలియదు.

పాత కోడ్ క్షేమంగా ఉంది. మరి బరువు? కొత్తగా నేర్చుకునే కుర్రాడు స్ట్రింగుల లిస్ట్ తీసుకునే మెథడ్ ఒకటి, అదే పేరుతో అంకెల లిస్ట్ తీసుకునే మెథడ్ ఇంకోటి రాస్తాడు. రెండూ ఒకటేనంటూ కంపైలర్ తిప్పికొడుతుంది. వాడి కంటికి అవి స్పష్టంగా వేరు. చెరిపివేత తరవాత ఒకటైపోతాయని వాడికి ఎవరో చెప్పాలి. “ఏదో ఒక టైపు” స్థానంలో పెట్టే పేరుతో, అంటే టైపు పారామీటర్‌తో, అర్రేను సృష్టించబోతే కుదరదంటుంది. నాలుగు బైట్ల మామూలు అంకెను లిస్ట్‌లో పెట్టాలంటే దాన్ని పొట్లం కట్టి ఆబ్జెక్టుగా మార్చాల్సిందే. ఈ ఆఖరి ముడిని విప్పడానికి 2014లో మొదలుపెట్టిన వల్‌హల్లా ప్రాజెక్టు పదేళ్లు దాటినా విప్పుతూనే ఉంది.

ఇదే కూడలిలో సీ షార్ప్ వేరే మలుపు తిరిగింది. కేంబ్రిడ్జ్‌లోని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు డాన్ సైమ్, ఆండ్రూ కెనడీ జెనెరిక్స్‌ను ప్రోగ్రాంను నడిపించే రన్‌టైమ్ లోపలికే దించారు. 2005లో వచ్చిన సీ షార్ప్ 2.0లో అంకెల లిస్ట్ నిజంగానే అంకెల లిస్ట్, పొట్లాలు లేవు. మరి పాత కోడ్? పాత లిస్ట్ తరగతులను అలాగే ఉంచి, పక్కన కొత్తవి పెట్టారు. రెండు రకాల లిస్ట్‌లున్న ప్రపంచంలో జనం కొన్నేళ్లు బతకాల్సి వచ్చింది. అయినా ఆ బరువు ఏటేటా తగ్గేది, జావాలో వేసిన బరువు ఏటేటా పెరిగేది. ఇలా అనడం ఇప్పుడు సులువే. సీ షార్ప్ అప్పటికి మూడేళ్ల పిల్ల, జావాకు ఎనిమిదేళ్లు. ఆ వయసు తేడాలోనే వాడుకరుల తేడా ఉంది.

జావాలో కథ ఇంకా మిగిలే ఉంది. అర్రేల చేదు అనుభవంతో ఈసారి లిస్ట్‌ల విషయంలో కఠినంగా ఉన్నారు: స్ట్రింగుల లిస్ట్‌ను ఆబ్జెక్టుల లిస్ట్‌గా చెలామణీ చేయనివ్వరు. అలాగైతే ఏ లిస్ట్ ఇచ్చినా చదివి అచ్చువేసే అమాయకపు మెథడ్ కూడా ఎవరికీ పనికిరాకుండా పోతుంది. అందుకని 2004లో వైల్డ్‌కార్డ్‌లు తెచ్చారు. “ఏదో ఒక టైపు, అదేమిటో నాకు తెలియదు, ఫలానా టైపు కిందికి వచ్చేదైతే చాలు” అని ప్రశ్నార్థకం గుర్తుతో రాస్తారు. ఇది చదివేవాడికి బరువే గానీ లెక్క సరిపోయిందని పన్నెండేళ్లు అందరూ నమ్మారు.

2016లో నాదా అమీన్, రాస్ టేట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న జావా ప్రోగ్రాం ప్రచురించారు. అది అంకెను స్ట్రింగ్‌గా మార్చేస్తుంది, అదీ కంపైలర్ ఒక్క మాటా అనకుండా. కిటుకు ఏమిటంటే, “ఫలానా షరతులు పాటించే టైపు ఏదో ఒకటి ఉంది” అన్న వైల్డ్‌కార్డ్ మాటకు సాక్ష్యం ఆ టైపుకు చెందిన ఒక విలువ. విలువ ఉందంటే టైపు ఉన్నట్టే కదా అని కంపైలర్ తర్కం. కానీ జావాలో నల్ అనే విలువ ఉంది, ఏమీ లేదని చెప్పే విలువ. అది ఏ టైపు పేరైనా పెట్టుకుని తిరుగుతుంది. ఉండటానికి వీల్లేని ఒక టైపుకు సాక్ష్యంగా నల్‌ను నిలబెడితే కంపైలర్ ఆ దొంగసాక్ష్యాన్ని నమ్మి, దాని మీద ఆధారపడి ఏ తప్పుడు నిర్ణయానికైనా వస్తుంది. నల్‌ను టోనీ హోర్ 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాష కోసం తయారుచేశారు, పెట్టడం సులువు గనక పెట్టేశానని తరవాత ఆయనే విచారించారు. 1965 నాటి ఫీచర్, 2004 నాటి ఫీచర్ ఒకే ఇంట్లో పన్నెండేళ్లు కాపురం చేశాక గానీ వాటికి పడదని బయటపడలేదు. చిత్రం ఏమిటంటే, ప్రోగ్రాం నడిచేటప్పుడు దీన్ని పట్టుకుని ఆపేది అందరూ తిట్టిపోసిన చెరిపివేతే. యంత్రం కంపైలర్ మాట నమ్మదు గనక వాడే చోట మళ్లీ సరిచూసుకుంటుంది.

మరి అంతమంది పండితులు దీన్ని ఎలా చూడలేదు? క్లిష్టతను అదుపులో పెట్టడానికి ఈ రంగంలో అందరూ వాడే మంచి పనిముట్టు ఒకటుంది: భాషను చెక్కి చెక్కి గోరంత చేసి, ఆ గోరంత దాని మీద గణితంతో రుజువులు చేయడం. 1999లో అత్సుషి ఇగరాషి, బెంజమిన్ పియర్స్, వాడ్లర్ చెక్కిన ఫెదర్‌వెయిట్ జావాలో ఐదు రకాల వ్యక్తీకరణలే ఉన్నాయి: వేరియబుల్, ఫీల్డ్ చూడటం, మెథడ్ పిలవడం, ఆబ్జెక్టు సృష్టించడం, టైపు మార్చడం. విలువను మార్చి రాయడం కూడా తీసేశారు. రుజువు ఒక్క చూపులో పట్టేంత చిన్నదవుతుంది. అలా తీసేసినవాటిలో నల్ కూడా ఉంది. చిన్నది చేసి చూడకపోతే ఏమీ అర్థం కాదు, చిన్నది చేస్తే ఇరుగుపొరుగు తగాదా చట్రంలోంచి జారిపోతుంది. దీనికి పరిష్కారం ఎవరి దగ్గరా లేదు. చెక్కినప్పుడు ఏం పారేశామో జాబితా రాసి గోడకు అంటించుకోవడం ఒక్కటే నాకు తోచే జాగ్రత్త.

గో బృందం ఈ కథలన్నీ చదువుకున్న బృందం. రాబర్ట్ గ్రీస్‌మర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ 2007లో గూగుల్‌లో మొదలుపెట్టినప్పుడే భాష చిన్నదిగా ఉండాలని, కంపైల్ చిటికెలో కావాలని పట్టుబట్టారు. జెనెరిక్స్ ఎప్పుడని జనం ఏళ్ల తరబడి అడిగినా, సరైన రూపం దొరికినప్పుడు అన్నదే జవాబు. అది కుంటిసాకేమీ కాదు. ఇయాన్ లాన్స్ టేలర్ 2010 నుంచి 2013 దాకా రాసిన వరస నమూనాలు ఒక్కొక్కటే పక్కకెళ్లిపోయాయి.

2018లో ప్రకటించిన ముసాయిదాలో ‘కాంట్రాక్ట్’ అనే కొత్త వస్తువు ఉంది. టైపు ఏ షరతులు పాటించాలో అందులో రాయాలి. గోలో అప్పటికే ‘ఇంటర్‌ఫేస్’ ఉంది, అదీ టైపు ఏయే మెథడ్‌లు కలిగి ఉండాలో చెప్పేదే. చదివినవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న: ఎప్పుడు ఇది వాడాలి, ఎప్పుడు అది? ఆ ప్రశ్న మళ్లీ మళ్లీ వచ్చింది. కొత్త వాడుకరి ప్రతిసారీ నిలబడి ఆలోచించాల్సిన చౌరస్తా అది. ఇంకో బృందమైతే రెండిటి తేడాను వివరించే పాఠం రాసి చేతులు దులుపుకునేది. వీళ్లు 2020 జూన్‌లో కాంట్రాక్ట్‌ను తీసేసి, ఆ పనిని ఇంటర్‌ఫేస్‌కే అప్పగించారు. అంతలో రాబ్ పైక్ పిలుపు మీద వాడ్లర్, ఆయన సహచరులు ఫెదర్‌వెయిట్ గో చెక్కి, ఇంటర్‌ఫేస్‌లతోనే జెనెరిక్స్ నిలబడతాయని అదే ఏడాది గణితంలో చూపించారు. 1998లో జావాకు పునాది వేసిన చేతుల్లో ఒకటి 2020లో గోకూ పనిచేసిందన్నమాట.

గుర్తుల గొడవ కూడా చిన్నదేం కాదు. సీ ప్లస్ ప్లస్, జావా, సీ షార్ప్ అన్నీ టైపును < > మధ్య రాస్తాయి. గోలోనూ అలాగే రాస్తే ఈ వాక్యం ఏమవుతుందో చూడండి:

క, చ = ట < త, ప > (మ)

ట అనేది త కంటే చిన్నదా, ప అనేది మ కంటే పెద్దదా అని రెండు పోలికలా? లేక ట అనే జెనెరిక్ ఫంక్షన్‌కు త, ప అనే టైపులిచ్చి, మ మీద పిలవడమా? ట ఏమిటో తెలిస్తే గానీ చెప్పలేం. అది తెలియాలంటే వేరే ఫైళ్లు తెరవాలి. టైపుల సమాచారం లేకుండానే వాక్యనిర్మాణం తేలిపోవాలన్నది గోలో మొదటి నుంచీ ఉన్న పట్టుదల. దాని పనిముట్లన్నీ వేగంగా నడిచేది అందుకే. అందుకని చతురస్రపు బ్రాకెట్లు [ ] తీసుకున్నారు. వేరే భాషల నుంచి వచ్చినవాళ్లకు మొదటి వారం కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది, అంతటితో సరి.

పై వాక్యంలోని తెలుగు అక్షరాలు గోలో నిజంగానే చెల్లుతాయి. ‘పలక’ అనే వేరియబుల్ పెట్టుకోవచ్చు. ‘సీత’ అని మాత్రం పెట్టలేరు. పేర్లలో యూనికోడ్ అక్షరాలు, అంకెలే ఉండాలన్నది గో నియమం. మన గుణింతపు గుర్తులు, సున్న యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, అక్షరానికి తగిలించే గుర్తులు. పైథాన్, జావా వాటిని ఒప్పుకుంటాయి. ఇంకోటుంది. గోలో పేరు పెద్దక్షరంతో మొదలైతేనే బయటి ప్యాకేజీలకు కనిపిస్తుంది. పబ్లిక్ అనే మాట రాసే పని తప్పించిన సొగసైన నియమమని దాన్ని మెచ్చుకుంటారు. తెలుగుకు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు గనక పలక ఎప్పటికీ బయటికి కనిపించదు, ముందు ఒక ఇంగ్లీషు పెద్దక్షరం తగిలిస్తే తప్ప. భాష నియమాలు రాసిన స్పెసిఫికేషన్‌లో ఒక వాక్యం ఆదా అయింది, బోయీలు మాత్రం గుణింతాలతో రాసేవాళ్లు.

2021 ఫిబ్రవరిలో ప్రతిపాదన ఆమోదం పొంది, 2022 మార్చిలో గో 1.18తో జెనెరిక్స్ బయటికొచ్చాయి. మెథడ్‌లకు సొంత టైపు పారామీటర్లు ఉండే వీలు అందులో ఇవ్వలేదు. గోలో ఏ టైపు ఏ ఇంటర్‌ఫేస్‌ను పాటిస్తుందో కొన్నిసార్లు ప్రోగ్రాం నడిచేటప్పుడే తేలుతుంది. అప్పుడు కావలసిన ప్రతిని అప్పటికప్పుడు ఎవరు తయారుచేయాలి? తృప్తికరమైన జవాబు అప్పటికి దొరకలేదు, కాబట్టి ఫీచర్ ఇవ్వలేదు. మిగిలిన బరువును కంపైలర్, యంత్రం పంచుకున్నాయి: మెమరీలో ఒకే ఆకారం ఉన్న టైపులకు ఒకే ప్రతి, వాటి మధ్య తేడా చెప్పడానికి నడిచేటప్పుడు చేతికిచ్చే ఒక పట్టీ. 1.18లో కంపైల్ వేగం సుమారు 15 శాతం తగ్గిందని గో బృందమే విడుదల పత్రంలో రాసుకుంది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 1.20తో అది తిరిగి పాత స్థాయికి చేరింది.

నాలుగో బోయీ సంగతి అంత తొందరగా తేలలేదు. జెనెరిక్స్‌ను నియమాల్లో ఇమడ్చడానికి స్పెసిఫికేషన్‌లో ‘కోర్ టైప్’ అనే కొత్త భావనను ప్రవేశపెట్టారు. జెనెరిక్స్ జోలికే పోని మామూలు పనులను వివరించే చోట కూడా ఆ మాట దూరింది. అర్రేలోంచి ఒక ముక్కను స్లైస్‌గా ఎలా తీయాలో చూద్దామని స్పెసిఫికేషన్ తెరిచిన కొత్తవాడు ముందు కోర్ టైప్ అంటే ఏమిటో నేర్చుకోవాల్సి వచ్చేది. 2025 ఆగస్టులో వచ్చిన 1.25లో ఆ భావనను స్పెసిఫికేషన్ నుంచి తొలగించి, ఆయా చోట్ల మామూలు మాటల్లో నియమాలు తిరగరాశారు. అప్పటికి రాసిన ఏ గో ప్రోగ్రాంనూ దానికోసం మార్చాల్సిన పని పడలేదు. జెనెరిక్స్ వచ్చాక గో బృందం చేసిన మంచి పనుల్లో నేను మొదట చెప్పేది దీన్నే.